ఆన్ ఫ్రాంక్ పాఠం: ఇంటిల్లిపాదీ చదువుదాం



ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదవ తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ నుండి ఒక పాఠం ఉన్నది. ఒక ఆదివారం దివ్యపూజ తరువాత ఉద్దానం పల్లె నుండి వచ్చిన అమ్మాయి ఆ పాఠం చెబుతూ తెగ నవ్వింది. తరగతిలో కబుర్లాడుతున్నదని లెక్కల మాస్టారు శిక్షగా వ్యాసాలు వ్రాయమంటాడు. ఆ అల్లరిపిల్ల చమత్కారంగా వ్రాసి చివరకు మాస్టారినే నవ్విస్తుంది.

"అమ్మా, ఆ బడిలో పిల్లలంతా యూదులే. ఎందుకని?" అని అడిగాను. అమ్మాయి నవ్వు ఆగిపోయింది. "తెలియదు ఫాదర్‌గారూ" అన్నది.

అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. హాలెండును ఆక్రమించిన నాజీలు 1941లో యూదుల పిల్లలను మిగతా బడుల నుండి వేరు చేశారు. పార్కులు, సినిమా హాళ్లు మూసేశారు. 1942లో బట్టలపై పసుపు నక్షత్రం కుట్టించారు. ఆ ఏడాది జూలై 6న ఆన్ కుటుంబం అజ్ఞాతంలోకి వెళ్లింది. 1944 ఆగస్టు 4న పట్టుబడింది. 1945 ఆరంభంలో బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో ఆన్ మరణించింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. దాగిన ఎనిమిదిమందిలో తండ్రి ఒక్కరే మిగిలారు. సుమారు 60 లక్షల యూదులను నాజీలు, వారి తోడ్పాటుదారులు చంపారు.

తల్లిదండ్రులారా, ఈ పాఠాన్ని మీ పిల్లలతో మూడు మెట్లుగా చదవండి.

మొదటిది: బిగ్గరగా చదివించి, పై తేదీలను వరుసగా వ్రాయించండి. చంపడం చివరి మెట్టు. వేరు చేయడం మొదటి మెట్టు అని పిల్లలే కనిపెడతారు.

రెండవది: ఎవరు ఏమి చేశారో అడగండి. ఉత్తర్వు ఇచ్చిన వారెవరు? పేర్ల జాబితా వ్రాసిన వారెవరు? చూసి ఊరుకున్న వారెవరు? ప్రాణాలకు తెగించి అన్నం తెచ్చిన మీప్ గీస్ వంటి వారెవరు? ఆన్ కాగితాలను దాచినది ఆమే.

మూడవది: మన సంగతి. "యూదులు ఏసును చంపారు" అని మనం పిల్లలకు తేలికగా చెప్పేస్తాం. ఆ నేరాన్ని నాటి యూదులందరిపైన గాని, నేటి వారిపైన గాని మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ప్రకటించింది. ఏసు, మరియమాత, అపోస్తలులు యూదులే కదా!

ఆన్ పుట్టినది జూన్ 12న. 2012లో అదే తేదీన, నాడు మన శ్రీకాకుళం జిల్లాలోని లక్ష్మీపేటలో భూమి తగాదాలో దాడి జరిగి ఐదుగురు దళితులు హతులయ్యారు. రెండూ సమానమని నేననను. పోలిక వేరు, సమానం వేరు అని తత్వశాస్త్రం నేర్పుతుంది. కాని మనిషి పేరు చెరిపి కులం పేరో, మతం పేరో అంటించే ఆ మొదటి మెట్టు రెండుచోట్లా ఉన్నది. మన వీధిలోనూ ఉన్నది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జీడి, కొబ్బరి తోటలను కూల్చింది. ఆ రాత్రి మనం ఎవరికి తలుపు తీశాం? ఎవరిని గుమ్మం బయటే ఆపాం? పిల్లలు ఈ ప్రశ్న అడిగితే కోప్పడకండి. నిజం చెప్పండి. పాఠం అప్పుడే పూర్తవుతుంది.

ప్రభువు మీ కుటుంబాలను దీవించుగాక.