నగర వారంటు, పొరుగు జిల్లా – తెలుసుకోవలసిన నియమాలు

నారాయణగూడలో ఉండే ఒక తల్లి ఆ మధ్య మా ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు నా పాత విద్యార్థి. ఒక తగాదా కేసులో బెయిలు మీద ఉండి రెండు పేషీలకు వెళ్ళలేదు. కోర్టు వారంటు ఇచ్చింది. అతడు నల్లగొండలో మేనమామ ఇంట ఉన్నాడని తెలిసి నగర పోలీసులు అక్కడికీ వెళ్ళారు. ఆ వేళకు అతడు ఇంట్లో లేడు. "జిల్లా దాటాక వీళ్ళకు అధికారం ఉంటుందా సార్?" అని ఆమె అడిగింది. చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో కూడా చాలామందికి ఉన్న సందేహమే ఇది.

అధికారం ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 79వ సెక్షన్ ప్రకారం అరెస్టు వారంటు దేశమంతటా చెల్లుతుంది. పాత చట్టంలోనూ ఇదే నియమం. అయితే దానికి ఒక పద్ధతి ఉంది.

1. కోర్టు వారంటును ఆ జిల్లా ఎస్పీకి పంపవచ్చు, లేదా నగర పోలీసులకే ఇవ్వవచ్చు.

2. నగర పోలీసులే వెళితే, మామూలుగా అక్కడి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు చేతగానీ, స్టేషన్ అధికారి చేతగానీ వారంటుపై రాయించుకోవాలి. ఆలస్యమైతే మనిషి తప్పించుకుంటాడనుకుంటే అది లేకుండానే అరెస్టు చేయవచ్చు.

3. వారంటులోని విషయం చెప్పాలి. అడిగితే కాగితం చూపాలి. దానిపై న్యాయాధికారి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి.

4. వారంటు ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్ల లోపు ఉంటే నేరుగా అక్కడికే తీసుకుపోవచ్చు. శంషాబాద్‌లో పట్టుబడితే నగర కోర్టుకే. నల్లగొండ దూరం కనుక, ముందు అక్కడి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు లేదా ఎస్పీ ముందు హాజరుపరచాలి. బెయిలు ఇవ్వదగిన నేరమై, పూచీకత్తు సిద్ధంగా ఉంటే అక్కడే బెయిలు దొరుకుతుంది.

5. అరెస్టు సంగతి బంధువులకో స్నేహితులకో తెలియజేయాలి. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో కోర్టు ముందుంచాలి.

ముఖ్యమైన మాట ఇంకొకటి. ఊరు మారితే వారంటు రద్దు కాదు. అమలయ్యే వరకు, లేదా ఇచ్చిన కోర్టే రద్దు చేసే వరకు అది బతికే ఉంటుంది. అందుకే ఆ తల్లికి ఒకటే చెప్పాను: "దాచకమ్మా, వకీలుతో కోర్టుకు పంపు." అతడు వెళ్ళి, పేషీకి రాలేకపోయిన కారణం చెప్పుకొని, వారంటు రద్దు చేయమని దరఖాస్తు పెట్టాడు. కోర్టు రద్దు చేసింది. ఇప్పుడు తారీఖు తప్పకుండా వెళుతున్నాడు.

వకీలు ఫీజుకు శక్తి లేనివారు నిరాశ పడనక్కరలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హులకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఈ సంగతి మీ గల్లీలో నలుగురికి చెప్పండి.