కొత్త సోఫా కొనేముందు కాసేపు మాట్లాడుకుందామా?

ఎవరింటి గృహప్రవేశానికో వెళ్తాం. వాళ్ల హాల్లో వంపు తిరిగిన వెన్నరంగు సోఫా, గుండ్రటి టీపాయ్, టీవీ వెనక గీతల చెక్క ప్యానెల్. తిరిగొచ్చి తలుపు తీయగానే మన హాలు వెలవెలబోయినట్టుంటుంది. నిన్నటిదాకా ముచ్చటగా ఉన్న సోఫా కూడా ఇవాళ ఎందుకో కంటికి ఆనదు. అవునా, కాదా? ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. ఇల్లు అందంగా ఉండాలనుకోవడం ఆడంబరం కాదు. రోజంతా అలిసి వచ్చి వాలేది అక్కడేగా! కాకపోతే ఆ బెంగలో ఉండగా షోరూముకి మాత్రం వెళ్లొద్దు. ముందు ఈ టీ తాగు. అక్కడ చూసినవాటిలో మన ఇంటికి ఏది కుదురుతుందో తీరిగ్గా చూద్దాం.

మొదట ఆ వంపుల సోఫా సంగతి. దాని మీద వేసే బట్టని బూక్లే అంటారు. దగ్గరగా చూస్తే దారం చిన్నచిన్న ఉంగరాలు తిరిగి, గొర్రెపిల్ల ఒంటిలా మెత్తగా ఉంటుంది. కాళ్లు ముడుచుకుని ఒదిగిపోయే కుర్చీ కావాలని డిజైనర్ ఫ్లోరెన్స్ నోల్ అడిగితే, అమెరికాలో ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ 1948లో ఊంబ్ చైర్ తయారుచేశాడు. బూక్లే తొడుగుతో అది ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. అంత హాయి ఉంది కాబట్టే మన మనసూ లాగుతోంది. కానీ ఆ ఉంగరాల్లో దుమ్ము చేరితే? పిల్లాడి చేతి పప్పన్నం అంటితే ఒక పట్టాన వదులుతుందా? పైగా వంపు సోఫా గోడకి ఆనదు, చిన్న హాల్లో దాని వెనక జాగా అంతా వృథా. అందుకని సోఫా తిన్నగా ఉండేదే తీసుకో, వంపు సరదా ఒక్క సింగిల్ కుర్చీతో తీర్చుకో. జిప్పు తీసి ఉతుక్కునే కవర్లు ఉన్నాయా అని గట్టిగా అడుగు. మొహమాటపడకు.

‘మా ఇంట్లో ఉన్నవన్నీ పాతకాలపువే అక్కా’ అని దిగులుపడుతున్నావా? ఇప్పుడు డిజైనర్ల ఇళ్లలో ఎక్కడ చూసినా పేము అల్లిన కుర్చీలే, తెలుసా! దానికో కథ ఉంది. 1950లలో చండీగఢ్ నగరం కడుతున్నప్పుడు ఆఫీసులకీ కాలేజీలకీ ఆర్కిటెక్ట్ పియెర్ జానెరే బృందం టేకు కుర్చీలు రూపొందించింది. సీటుకీ వీపుకీ పేము అల్లిక, తిరగేసిన ‘వి’ అక్షరం లాంటి కాళ్లు. ఆ తర్వాత పాతబడ్డాయని ఎన్నింటినో మూలన పడేశారు, తుక్కు కింద వేలం వేశారు. అవే విదేశాల్లో లక్షలు పలకడం మొదలయ్యాక, 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకానికి అడ్డుకట్ట వేసింది. నీకు అంత ఖర్చెందుకు? అమ్మమ్మగారి అటక మీద పేము కుర్చీ ఉందేమో ఒకసారి ఫోన్ చేసి కనుక్కో. చేతులు పట్టుకుని ఊపి చూడు. కీళ్లు కదలకపోతే చట్రం బాగున్నట్టే, అల్లిక ఒక్కటే కొత్తగా వేయించుకుంటే చాలు. సీటు కాస్త కిందికి జారిందా? అడుగువైపు నుంచి గోరువెచ్చటి నీళ్లలో ముంచిన బట్టతో తడిపి, నీడలో ఆరనివ్వు. ఆరేకొద్దీ పేము మళ్లీ బిగుసుకుంటుంది. ఆరేదాకా ఎవర్నీ కూర్చోనివ్వకు!

ఇంకో మోజు, చెట్టు అంచు అలాగే ఉంచిన డైనింగ్ టేబుల్. లైవ్ ఎడ్జ్ అంటారు. ఈ తీరుకి పేరు తెచ్చిన డిజైనర్ జార్జ్ నకషిమాకి మన దేశంతో చుట్టరికముంది. 1930లలో పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతి భవనం కట్టించే పని చూసింది ఆయనే. దానికి నిజాం ప్రభుత్వపు సర్ అక్బర్ హైదరీ ద్వారా విరాళం అందింది. మన గోల్కొండ పేరే ఆ భవనానికి పెట్టారు. నకషిమా చెక్కలో పగులు కనిపిస్తే దాచేవాడు కాదు, సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్క బిగించి పగులు పెరగకుండా ఆపేవాడు. ఎంత బాగుంటుందో కదా! అలాంటిది కొనాలనిపిస్తే చెక్క బాగా ఆరిందో లేదో ముందు అడుగు. పచ్చి చెక్కయితే మన ఎండలకి వంకర తిరుగుతుంది. మధ్యలో నీలంగా పోసే రెసిన్ మీద వేడి గిన్నె నేరుగా పెడితే మచ్చపడుతుంది, అడుగున చాప వేసుకోవాల్సిందే.

ఇక మన అసలు కష్టం, జాగా. టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అత్తామామలు వచ్చినా, చెల్లెలి కుటుంబం వచ్చినా ఎక్కడ సర్దాలి? ఇక్కడ మాత్రం కొత్త డిజైన్లు నిజంగా ఆదుకుంటాయి. గోడలోకి మడిచే మంచం, అడుగున పరుపులూ దుప్పట్లూ దాచుకునే మంచం, అవసరానికి విప్పుకునే టేబుల్. ముచ్చటపడి ఆర్డర్ ఇచ్చేముందు పాత పేపర్లు నేల మీద పరిచి ఆ వస్తువు ఎంత జాగా పడుతుందో చూడు. చుట్టూ మనిషి నడవడానికి రెండున్నర అడుగులు మిగలాలి. భోజనాల బల్ల దగ్గర ఒక్కొక్కరికీ రెండడుగుల వెడల్పు కావాలి. గుమ్మం, లిఫ్టు కూడా కొలువు. కింద దాకా వచ్చిన సోఫా పైకి ఎక్కకపోతే ప్రాణం ఎంత ఉసూరుమంటుంది!

పెద్దవాళ్లున్న ఇల్లయితే నేలకి దగ్గరగా ఉండే జపాన్ తరహా సోఫాలు వద్దమ్మా. మోకాళ్ల నొప్పులున్న అమ్మ అందులోంచి లేవలేక మన చెయ్యి కోసం చూస్తుంటే మన ప్రాణం ఉసూరుమనదూ? సీటు ఎత్తు దాదాపు 18 అంగుళాలు ఉండాలి, పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి. షోరూములో పది నిమిషాలు కూర్చో, అమ్మనీ కూర్చోబెట్టు. సేల్స్ కుర్రాడు ఏమనుకుంటాడో అని లేచిపోకు.

పైకి కనిపించని సంగతి ఒకటుంది, లోపలి చెక్క. పైన లామినేట్ తళతళలాడుతుంటే లోపల ఏముందో ఎవరు చూస్తారు? పార్టికల్ బోర్డుకి నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది. రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్లలో అది పెద్ద గండం. అందుకే కాస్త కాళ్లెత్తుగా ఉన్న సామాను ఎంచుకో. సింకు కిందికైతే నీళ్లకి తట్టుకునే, ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే వేయమని కార్పెంటర్‌కి చెప్పు, షీటు మీద ఆ ముద్ర నీ కళ్లతో చూసుకో.

అన్నీ మార్చేస్తేనే కొత్త ఇల్లనిపిస్తుందని ఎవరన్నారు? గదికి ఒక్కటి నచ్చినది కొను, మిగతావి ఉన్నవాటితోనే సర్దు. చెక్క బాగుంటే పాత సోఫాకి కొత్త ఫోమ్, కొత్త బట్ట వేయించు. అరలో నాలుగు ఏటికొప్పాక బొమ్మలు పెట్టు. అంకుడు కర్ర మీద ఆ లక్క రంగులు ఎంత నిగనిగలాడతాయో! వాటికి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. నీ ఇంట్లోకి అడుగుపెట్టేవాళ్లకి నువ్వు కనిపించాలి కానీ, కేటలాగు కాదు కదా.

సరే, మాట ఇవ్వు. ఈ ఆదివారం టేపు తీసుకుని గదులన్నీ కొలిచి ఒక కాగితం మీద రాస్తావు. ఇంట్లో అందరికీ ఏం కావాలో, ముఖ్యంగా అమ్మకి ఎక్కడ కూర్చుంటే సుఖమో అడుగుతావు. ఆ కాగితం చేతిలో ఉంటేనే షోరూముకి వెళ్తావు. అది లేకుండా ఎంత డిస్కౌంట్ ఇచ్చినా అడ్వాన్స్ కట్టొద్దు, తెలిసిందా?