సందేహం ఉన్నంతవరకే ప్రయోగం



కొత్త మందును, కొత్త యంత్రాన్ని రోగులపై ప్రయోగించి చూడటం (క్లినికల్ ట్రయల్) పాపమా అని కొందరు అడుగుతుంటారు. పాపం కాదు. మంచిచెడ్డలు తేల్చకుండా వాడటమే ఎక్కువ అపాయం. అయితే ప్రయోగానికి న్యాయమైన హద్దు ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఊపిరితిత్తులు పనిచేయని పసికందు రక్తాన్ని బయటకు తీసి, యంత్రంలో ప్రాణవాయువు చేర్చి, తిరిగి దేహంలోకి పంపే పద్ధతి పేరు ‘ఎక్మో’. 1975లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బార్ట్‌లెట్ దీనితో తొలిసారి ఒక నవజాత శిశువును బ్రతికించారు. ఇటువంటి యంత్రాలు త్వరత్వరగా మారిపోతుంటాయి. అందుచేత మొదట్లో “ఇంకా మెరుగుపడాలి, ఇప్పుడే ప్రయోగం ఎందుకు?” అంటారు. వాడుక పెరిగాక “అందరూ వాడుతున్నారు, ఇక ప్రయోగం దేనికి?” అంటారు. సత్యం తేలే సమయం రెంటి మధ్య జారిపోతుంది.

1985లో బార్ట్‌లెట్ బృందం ఒక ప్రయోగ ఫలితాలను ప్రకటించింది. అందులో ఏ బిడ్డకు ఏ చికిత్సో చీటీ వేసినట్లు నిర్ణయించారు. బిడ్డ బ్రతికితే ఆ చికిత్సకు చీటీలు పెరుగుతాయి. 12 మందిలో 11 మందికి ఎక్మో వచ్చింది, అందరూ బ్రతికారు. పాత చికిత్స వచ్చిన ఒక్క బిడ్డ మరణించింది. నియమం దయగలదే. కాని ఒక్క బిడ్డతో పోల్చి సత్యం తేలిందనగలమా? చాలామంది వైద్యులకు సందేహం తీరలేదు.

1993లో బ్రిటన్‌లో సమాన అవకాశంతో 185 మంది శిశువులపై మరో ప్రయోగం మొదలైంది. ఎక్మోకు కేటాయించిన 93 మందిలో 30 మంది, పాత చికిత్సకు కేటాయించిన 92 మందిలో 54 మంది మరణించారు. ఫలితాలను మధ్యమధ్య పరిశీలించే స్వతంత్ర సంఘం సలహాపై 1995లో కొత్త శిశువులను చేర్చుకోవడం ఆపివేశారు.

ఇక్కడే నీతి ఉంది. ఏది మేలో నిజంగా తెలియనంతవరకే చీటీ వేయడం న్యాయం. తెలిసిన తరువాత కూడ వేస్తే ఆ బిడ్డను మనిషిగా కాక సాధనంగా చూసినట్లే. తగని అపాయం, తప్పించదగిన అపాయం ఉన్న ప్రయోగం సమ్మతితో చేసినా న్యాయం కాదని శ్రీసభ సత్యోపదేశం (2295) బోధిస్తున్నది. కాబట్టి ప్రయోగం సకాలంలో మొదలవ్వాలి, నడుమ పరిశీలన జరగాలి, సత్యం తేలగానే ఆగాలి.

మీ ఇంటివారిని ప్రయోగంలో చేరమని అడిగితే భయపడవద్దు, తొందరపడి సంతకమూ చేయవద్దు. ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

1. దీనికి నీతి సంఘం అనుమతి ఉన్నదా?
2. చేరకపోతే ఏ చికిత్స దొరుకుతుంది?
3. ఫలితాలను మధ్యలో ఎవరు చూస్తారు, ఎప్పుడు ఆపుతారు?
4. వద్దనుకుంటే మధ్యలో మానుకోవచ్చునా?

అడగడం అవిశ్వాసం కాదు. దేవుడిచ్చిన ప్రాణాన్ని కాపాడుకొనే బాధ్యత.