కోళ్ళ ఇంటిలో వేరుశనగ పొట్టు పరుపు

శ్రీకాళహస్తి ప్రాంతమున కోళ్ళ ఇంటిలో పరచుటకు వడ్ల మిల్లు ఊకయు, వేరుశనగకాయల పొట్టును అందుబాటులోనివే. ఈ పరుపునే పెంపకందారులు లిట్టరు అందురు. రెండును మంచివే కాని, పొట్టుతో ఒక ప్రమాదము కలదు. వానకారు పైరు పీకు వేళకే ఇచ్చట ఈశాన్య ఋతుపవనము వచ్చును. తడిసి కుప్పలో కాగిన కాయల పొట్టు బూజు పట్టును. ఆ బూజుపొడి పీల్చిన కోడిపిల్లలు నోరు తెరచి ఎగశ్వాసతో చచ్చును. రోగము పట్టిన పిమ్మట మందులు పనిచేయుట అరుదు. కావున బూజువాసన గల పొట్టు ఊరక ఇచ్చినను తీసుకొనరాదు. ఎండబెట్టినంత మాత్రమున అది మంచిది కాదు.

పిల్లలకు రెండంగుళముల మందమున పరచి, మొదటి కొద్ది రోజులు పైన కాగితము వేయవలెను. లేనిచో మేత యనుకొని పొట్టునే తినును. నున్నని కాగితముపై కాళ్ళు జారును, గరుకుది మేలు. పిల్లలు పెరిగినకొలది పరుపును నాలుగు, ఆరు అంగుళములకు పెంచి, రోజు విడిచి రోజు పారతో తిరగవేయవలెను.

తడి చూచుటకు యంత్రమక్కరలేదు. పిడికెడు తీసి నొక్కి వదలుడు. ఉండగా నిలచినచో తడి ఎక్కువ, విడిపోయినచో సరి. తడి పరుపులో రెట్టతో పడిన కాక్సిడియా క్రిములు ఒకటి రెండు దినములలోనే రోగము కలిగించు స్థితికి వచ్చి, రక్తపు పారుడు పుట్టించును. నీళ్ళ తొట్టి చుట్టునున్న తడిముద్దలను ఏనాటివానిని ఆనాడే ఎత్తి, పొడి పొట్టు వేయుడు. మిగిలిన పరుపులో చల్లార్చిన సున్నపుపొడి కలుపవచ్చును. చల్లార్చనిది కాళ్ళను కాల్చును.

కోళ్ళను అమ్మిన పిమ్మట పరుపంతయు తీసి, నేల కడిగి ఆరబెట్టవలెను. తీయువారు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడు. ఆ పరుపు గుంటలో మాగినచో మంచి ఎరువు. పచ్చిగా మొదట వేసినచో మొక్క మాడును.