కట్టడమునకు గ్రాంటు – పోషణకు మూలనిధి

మన సంఘముల వార్షిక సమావేశములందు ఈ మధ్య తరచుగా వినబడుచున్న మాట గ్రాంటు. ఫలానా ఫౌండేషనువారు ఇచ్చుచున్నారట, ఫలానా కంపెనీవారు మార్చి నెలాఖరులోపల ధర్మకార్యములకు సొమ్ము ఖర్చు చేయవలసియున్నదట, మనము కూడ ఒక దరఖాస్తు పెట్టిన బాగుండునని పెద్దలు అనుచున్నారు. పెట్టవలసినదే. కాని ఆ సొమ్ము దేనికి వచ్చును, దేనికి రాదు అను సంగతి ముందుగా తెలిసికొనుట మంచిది. నేను పండితుడను కాను, వర్తకుడను. కనుక జమాఖర్చుల భాషలోనే నాలుగు మాటలు మనవి చేసెదను.

గ్రాంటు అనునది నిన్న మొన్న పుట్టిన పద్ధతి కాదు. తూర్పు చాళుక్యరాజగు రెండవ అమ్మరాజు 945లో సింహాసనమెక్కెను. ఆయన వేయించిన కలుచుంబర్రు తామ్రశాసనమొకటి కలదు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని అత్తిలి ప్రాంతమందలి కలుచుంబర్రు అను గ్రామమును, చామెకాంబ అను శ్రావికయొక్క కోరికపై, అర్హనంది అను జైనాచార్యునికి రాజు దానమిచ్చినట్లు అందులో నున్నది. ఎందునిమిత్తము? సర్వలోకాశ్రయ జినభవనమునకు చేరిన అన్నసత్రశాలను బాగుచేయించుచుండుటకు.

ఇచ్చట ఒక క్షణము ఆగవలెను. రాజు క్రొత్త సత్రము కట్టించి తన పేరు చెక్కించుటకు ఈ ఊరు ఇయ్యలేదు. ఉన్న సత్రము పడిపోకుండ చూచుటకు ఇచ్చెను. ఊరి రాబడి ఏటేటా వచ్చుచుండును గనుక, గోడ బీటలు వారినప్పుడెల్ల ఆచార్యుడు ఒకరి గుమ్మము త్రొక్కవలసిన పని లేదు. ఇచ్చినదెవరు, అడిగించినదెవరు, పుచ్చుకొన్నదెవరు, దేనికి ఇచ్చిరి, ఊరి ఎల్లలేవి అనునవన్నియు రాగిరేకులమీద ఉన్నవి. నేటి గ్రాంటు ఒప్పందములో ఉండవలసిన అంశములు కూడ ఇంచుమించు ఇవియే.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. ఒక పట్టణములో మన సంఘమువారు ఉచిత వైద్యశాల పెట్టదలచిరనుకొందము. కట్టడమునకు, సామానులకు 20 లక్షలు. డాక్టరు, కాంపౌండరు, మందులు, కరెంటు, తుడిచేమనిషి — వీటికి ఏటా 6 లక్షలు. మనవారి చర్చ అంతయు ఆ 20 లక్షల చుట్టునే తిరుగును. శంకుస్థాపన ఎవరు చేయవలె, రాతిపలకమీద ఎవరి పేరు ముందుండవలె నను విషయమై రెండు రాత్రులు తెల్లవారును! ఆ 6 లక్షల మాట ఎవరును ఎత్తరు. నూటికి 7 వడ్డీ చొప్పున లెక్కవేసినను, ఏటా 6 లక్షలు రావలెనన్న సుమారు 86 లక్షల మూలధనము కావలెను. అనగా భవనపు వెలకు నాలుగింతలకు పైమాటే. దుకాణము పెట్టునప్పుడు అద్దె, గుమాస్తా జీతము లెక్కకట్టకుండ పేటలో ఏ వర్తకుడును తలుపు తెరువడు. ధర్మకార్యమునకు మాత్రము ఆ లెక్క ఎందుకు మానుదుమో నాకు బోధపడదు.

ఈ మూలధనము కంపెనీల గ్రాంటువలన వచ్చునా? రాదు. 2013 నాటి కంపెనీల శాసనము ప్రకారము, 500 కోట్ల నికర ఆస్తి గాని, 1000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికర లాభము గాని గల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సంఘసేవకు వెచ్చింపవలెను. 2014 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో నున్నది. కాని 2021 జనవరిలో నిబంధనలు సవరించిన పిదప, మరియొక సంస్థ మూలనిధికి ఇచ్చిన సొమ్ము ఈ లెక్కలో చెల్లదని ప్రభుత్వమువారు స్పష్టపరచిరి. పని సాగుచుండగా ఖర్చునకు ఇయ్యవచ్చును. అదియు మొదలుపెట్టిన సంవత్సరము గాక మరి 3 సంవత్సరములు మించని ప్రాజెక్టుగా వ్రాసికొనవలెను. ఆ తరువాత? కంపెనీవారి శ్రద్ధ మరియొక ఊరికి, మరియొక పనికి పోవచ్చును. అందుకు వారిని తప్పు పట్టరాదు.

కాబట్టి కట్టడమునకు, పనిముట్లకు, మొదటి కొన్నేండ్ల జీతములకు బయటి గ్రాంటు అడుగుదము. మూలనిధి మాత్రము మన కుటుంబములనుండియే రావలెను. ఇచ్చువారు "ఇది మూలనిధికి" అని వ్రాతపూర్వకముగా తెలుపవలెను. అట్లు తెలిపిన సొమ్మును ట్రస్టువారు చట్టము అనుమతించిన చోట మదుపు పెట్టి, ఫలము మాత్రమే వాడుకొనవలెను.

గుప్తదానమును గురించి ఒక మాట. పేరు చెప్పక ఇచ్చుట మనవారికి ఇష్టము. అది మంచి గుణమే. కాని వైద్యశాలవంటి ధర్మసంస్థకు దాత వివరము లేకుండ వచ్చిన సొమ్ము 1 లక్ష రూపాయలు గాని, మొత్తము విరాళములలో నూటికి 5 వంతులు గాని, ఏది హెచ్చో దానిని మించినచో, మించిన భాగముమీద నూటికి 30 పన్ను పడును. పేరు రాతిపలకమీద వద్దనవచ్చును. లెక్కపుస్తకములో మాత్రము ఉండనిండు. మరియు 2000 రూపాయలకు మించి రొక్కముగా ఇచ్చినచో 80జి అని మనమందరము పిలుచుకొను పన్ను రాయితీ దాతకు దక్కదు.

అన్నిటికంటె ముందు చూడవలసినది ట్రస్టు డీడు. కేవలము మన మతమువారి మేలుకొరకే అని అందులో ఉన్నచో ఆ రాయితీ రాదు. కంపెనీలవారును ముందుకు రారు. "మన చందాలతో పెట్టిన వైద్యశాల మనవారికే గదా" అని కొందరు వాదింతురు. నేను ఒప్పుకొనను. ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము అను చతుర్విధ దానములలో పుచ్చుకొనువాని కులమడుగు విధి లేదు. పైన చెప్పిన జినభవనము పేరే సర్వలోకాశ్రయము. అది చాళుక్యరాజుల బిరుదే కావచ్చును, కాని అర్థము చూడుడు. పైగా మనము కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సోదరులమధ్య తరతరములుగా వర్తకము చేసికొని బ్రతుకుచున్నవారము. వారి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మన తలుపు మూసియుండుట తగదు. మందిరపు ద్రవ్యము వేరు, దాని ఖాతా వేరు. దానిని వైద్యశాలకు మరల్చరాదను మన పెద్దల కట్టడి ఎట్లును ఉన్నది. కనుక వైద్యశాలకు ప్రత్యేక ట్రస్టు ఏర్పరచుకొనుటయే సుఖము. కంపెనీల సొమ్ము తీసికొను ట్రస్టు 2021 ఏప్రిల్ 1 నుండి కేంద్రప్రభుత్వపు కంపెనీ వ్యవహారముల శాఖలో నమోదు కావలెను; అట్టి పనులలో మూడేండ్ల అనుభవమును చూపవలెను. అందుచేత నేడు చిన్నదిగా మొదలుపెట్టిననే గాని ఎల్లుండికి అర్హత రాదు.

గ్రాంటు చేతికి వచ్చిననాడే దానికి వేరు బ్యాంకు ఖాతా, వేరు చిట్టా తెరువవలెను. బల్లలకని వచ్చిన సొమ్ము మిగిలినను, ఇచ్చినవారి అనుమతి లేక మందులకు వాడరాదు. ఇచ్చిన కంపెనీయొక్క ఆర్థికాధికారి, సొమ్ము చెప్పిన పనికే ఖర్చయినదని తన బోర్డుకు ధ్రువపరచవలసియుండును; మన బిల్లులు సరిగా లేనిదే అతడు చేవ్రాలు చేయడు.

దరఖాస్తు వ్రాయునప్పుడు, వారు అడిగినను అడుగకున్నను, సహాయకాలము ముగిసిన పిదప ఖర్చు ఎవరు భరింతురో తెలుపు కాగితమొకటి జతపరుపుడు. మూలనిధికి ఒప్పుకొన్న కుటుంబముల పేర్లు, మొత్తములు, చెల్లించు తేదీలు అందులో ఉండవలెను. ఆ కాగితము సిద్ధమగువరకు శంకుస్థాపనకు ముహూర్తము పెట్టింపకుడు.