ఆధారం – ఆధేయం

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యజీవితంలో ఉపయోగించే యంత్రాలను శాస్త్రీయ దృష్టితో పరిశీలించడం, చిన్న మరమ్మతులను సొంతంగా చేసుకొనే నేర్పును, ఎక్కడ ఆగిపోవాలో తెలిసిన వివేకాన్ని అలవరచుకోవడం, సాంకేతిక విషయాలను సైతం తెలుగులో స్పష్టంగా చెప్పవచ్చునని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తర్కశాస్త్రం చదివిన ఒక పండితుడు గిన్నెతో నేయి తెచ్చుకొంటూ దారిలో ఆగి, 'నేతికి గిన్నె ఆధారమా? గిన్నెకు నేయి ఆధారమా?' అని సందేహించాడట. పరీక్షించి తేల్చుకోవాలని గిన్నెను బోర్లించాడు. నేయి నేలపాలయింది; సందేహం తీరింది. నవ్వుకోవడానికి చెప్పుకొనే ఈ కథలో ఒక గంభీరమైన విషయం ఉన్నది. నిలిపి ఉంచేది ఆధారం, దానిమీద నిలిచి ఉండేది ఆధేయం. ఆధేయం మీద ఉన్న శ్రద్ధ మనకు ఆధారం మీద ఉండదు. నేయి ఒలికిన తరువాతనే గిన్నె గుర్తుకు వస్తుంది.

మోటారు సైకిలు విషయంలోనూ మన తీరు ఇదే. దీపం వెలగకపోతే దీపాన్ని, హారన్ మోగకపోతే హారన్‌ను నిందిస్తాము. కొత్తది కొని బిగిస్తాము. కొన్ని రోజులకు అదీ పాడవుతుంది. ఆ భాగాన్ని పట్టి ఉంచిన పట్టీని, బోల్టును, రబ్బరు ముక్కను మాత్రం పరిశీలించము. లోపం తరచుగా అక్కడే దాగి ఉంటుంది.

కొండదారులు – రాత్రిప్రయాణాలు

హైదరాబాదు నగరంలో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు రాతిగుట్టల మీద వెలసినవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమక్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన కాలంలో అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ పరిసరాలలోనే స్థిరపడినవి. తెరమీద కనిపించే తారలు కొందరే. వారి వెనుక దీపాలు మోసేవారు, దుస్తులు సిద్ధపరచేవారు, సహాయ దర్శకులు, చిన్న వేషాలు వేసేవారు ఎందరో ఉన్నారు. వీరిలో అనేకులు గుట్టల దిగువన ఉన్న కృష్ణానగర్ వంటి పేటలలో నివసిస్తారు. చిత్రీకరణ ఏ అర్ధరాత్రికో ముగిస్తే బస్సులు ఉండవు. అప్పుడు వారికి మోటారు సైకిలే దిక్కు.

అటువంటి ఒక యువకుడిని ఊహించుకుందాము. రాత్రి రెండు గంటలకు ఫిల్మ్‌నగర్ నుండి వాలుదారిలో దిగుతున్నాడు. వేగనిరోధకం మీద బండి ఎగిరిపడింది. ముందుదీపం ఒక్కసారిగా ఆరిపోయింది, మరుక్షణం వెలిగింది, మలుపు దగ్గర మళ్ళీ ఆరింది. బల్బు మాడిపోయి ఉంటే మళ్ళీ వెలగదు. కుదుపుకు ఆరి, కుదుపుకు వెలిగే దీపం 'నా పట్టు సడలింది' అని చెబుతున్నది. ఆ మాటను అర్థం చేసుకోవడం మీద అతని ప్రాణం ఆధారపడి ఉన్నది.

ప్రకంపనం చేసే పని

బోల్టు తనంతట తాను ఎందుకు సడలుతుంది? నిమిషానికి మూడువేల సార్లు తిరిగే ఇంజను సెకనుకు యాభైసార్లు తిరుగుతున్నదన్నమాట. ఒక్క సిలిండరు ఉన్న బండిలో ప్రతి భ్రమణమూ చట్రాన్ని ఒకసారి అదురుస్తుంది. పదిహేను నిమిషాల ప్రయాణంలో అటువంటి అదురులు 45,000. ప్రతి అదురూ అతి స్వల్పమైనదే. కాని చీమల బారు పుట్టను కట్టినట్లు, ఈ స్వల్ప చలనాలు మరను కొద్దికొద్దిగా వెనుకకు తిప్పుతాయి, రబ్బరును అరగదీస్తాయి, పలుచని ఇనుప పట్టీని వంపు దగ్గర చిట్లిస్తాయి. గుంతలూ వేగనిరోధకాలూ ఈ పనిని వేగవంతం చేస్తాయి.

బిగింపు సడలడం వల్ల మరొక నష్టం కూడా ఉన్నది. మోటారు సైకిలులో బ్యాటరీ ఋణధ్రువం ఇనుప చట్రానికి కలిపి ఉంటుంది. అనేక భాగాలనుండి విద్యుత్తు తిరిగి వచ్చే మార్గం ఆ చట్రమే. మెకానిక్కులు దీనినే 'ఎర్తు' అంటారు. ఎర్తు తీగను పట్టిన బోల్టు వదులైనా, దాని కింద తుప్పు చేరినా, రంగు పూసినా ఆ మార్గం తెగుతుంది. అప్పుడు భాగాలన్నీ బాగున్నా పని మాత్రం జరగదు.

తగిన చోట తగిన బిగింపు

11వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. మొలనూలును మెడలోనూ, హారాన్ని నడుముకూ ధరిస్తే నవ్వులపాలు కావలసిందేనని ఆయన అభిప్రాయం. నగలు మంచివే, చోటు తగనిది. యంత్రానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. అన్ని భాగాలనూ ఒకే రీతిగా గట్టిగా బిగించడం మరమ్మతు అనిపించుకోదు.

బ్యాటరీకి కావలసినవి మెత్తని ఆసనం, కదలనివ్వని పట్టీ. అది గూటిలో కదిలితే లోపలి పలకలు దెబ్బతింటాయి. పైనున్న ధనధ్రువం ఇనుముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజనులో నిప్పురవ్వను సకాలంలో పుట్టించే సి.డి.ఐ. పెట్టెను, సూచక దీపాలను మినుకుమినుకుమనిపించే ఫ్లాషర్‌ను సాధారణంగా రబ్బరు తొడుగులో ఉంచి తగిలిస్తారు. వీటికి మెత్తదనమే రక్ష.

ఆర్.ఆర్. యూనిట్ స్వభావం ఇందుకు భిన్నం. ఇంజను నుండి వచ్చే విద్యుత్తును బ్యాటరీకి తగినట్లు మార్చి, పద్నాలుగున్నర వోల్టులకు అటూ ఇటూగా అదుపుచేసే ఈ భాగం పని చేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది. ఆ వేడి చట్రంలోకీ గాలిలోకీ పోవాలి. అందుకే దానిని లోహానికి ఆనించి గట్టిగా బిగిస్తారు. అదురుతున్నదని జాలిపడి దానికి రబ్బరు చుట్టితే అది వేడికి మాడిపోతుంది. హారన్ తీరు వేరొకటి. దాని లోపలి పలక స్వేచ్ఛగా కంపించాలి కనుక దానిని స్ప్రింగువలె వంగే ఉక్కు పట్టీకి వేలాడదీస్తారు. ఆ పట్టీ విరిగినప్పుడు హారన్‌ను నేరుగా చట్రానికి బిగిస్తే గొంతు పట్టినట్లు మోగుతుంది.

మరమ్మతు క్రమం

బండిని సమతలమైన నేలమీద నిలపాలి. వాలుదారిలో ఈ పని తగదు. తాళంచెవి తీసి, ఇంజను చల్లారే వరకు వేచి ఉండాలి. తరువాత బ్యాటరీకి మొదట ఋణధ్రువపు తీగను, పిదప ధనధ్రువపు తీగను విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు ధనధ్రువం ముందు, ఋణధ్రువం చివర. ఈ క్రమానికి కారణం ఉన్నది. ఋణధ్రువం చట్రానికి కలిసి ఉండగా, ధనధ్రువం మీద ఉన్న పానా పొరపాటున చట్రాన్ని తాకితే షార్టు సర్క్యూటు అవుతుంది.

పిదప ఒక్కొక్క భాగాన్నీ వేళ్ళతో మెల్లగా కదిపి చూడాలి. రంగు అరిగిన చార, ఇనుప పొడి, చిరిగిన రబ్బరు, రాగి కొనలమీద పచ్చని చిలుము, కరిగిన ప్లాస్టిక్కు – ఇవన్నీ బిగింపు చెప్పే సాక్ష్యాలు.

బోల్టు వదులైతే స్ప్రింగు వాషరు వేసి బిగించాలి. బోల్టు రంధ్రం అరిగి పెద్దదైతే వెడల్పైన వాషరు వేయాలి. రబ్బరు చిరిగితే పాత సైకిలు ట్యూబు ముక్కను మడిచి అమర్చవచ్చు. ఎర్తు బోల్టు కింది భాగాన్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాలి. పని ముగిసిన తరువాత హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పి, తీగలు లాగుకొనిపోవడం లేదని, సైలెన్సరును తాకడం లేదని నిర్ధారించుకోవాలి.

తాత్కాలికం – శాశ్వతం

పట్టీ విరిగినప్పుడు నైలాను కట్టుతో బిగించి ఇల్లు చేరడం తెలివైన పనే. ఆ కట్టునే నెలల తరబడి నమ్ముకోవడం తెలివి కాదు. ఎండకూ ఇంజను వేడికీ నైలాను పెళుసెక్కి, ఏదో ఒకనాడు తెగుతుంది. స్టూడియోలలో ఎత్తున వేలాడే దీపాలకు బిగింపు ఉన్నా, దానికి తోడు గొలుసు కూడా కడతారు. ఒక పట్టు తప్పినా కింద పనిచేసే మనిషి తల క్షేమంగా ఉండాలనే ముందుచూపు అది. తాత్కాలికపు కట్టు ఆ గొలుసు వంటిది. అసలు బిగింపుకు అది తోడు కాగలదే గాని, దాని స్థానాన్ని ఆక్రమించరాదు. విరిగిన పట్టీని వారంలోగా కొత్తది వేయించడమే శాశ్వత పరిష్కారం.

కొన్ని చిట్కాలు మేలుకు బదులు కీడు చేస్తాయి. ఫ్యూజు పోయినప్పుడు రాగితీగనో, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్నో పెట్టడం వాటిలో మొదటిది. ఫ్యూజు తాను కాలి తీగలను కాపాడుతుంది. దాని చోట రాగితీగ పెట్టినవాడు కావలివానిని పంపివేసి, తలుపు తెరచి ఉంచినవాడే.

ఆగవలసిన చోటు

బిగింపు లోపాన్ని ఇంట్లో సరిచేయవచ్చు. భాగంలోని లోపాన్ని సరిచేయలేము. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇగ్నిషన్ కాయిల్‌లో లోపం ఉండవచ్చునని గుర్తించి, 2,36,966 మోటారు సైకిళ్ళను పరీక్షకు వెనక్కి పిలిచింది. అటువంటి లోపాన్ని ఏ వాషరూ తీర్చలేదు. అప్పుడు తయారీదారునే ఆశ్రయించాలి.

2017 ఏప్రిల్ నుండి తయారైన ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపు ముందుదీపం వెలుగుతూ ఉండే ఏర్పాటు తప్పనిసరి అయింది. 2020 నాటి కాలుష్య నిబంధనల తరువాత ఇంధనాన్ని సైతం ఎలక్ట్రానిక్ పరికరాలు అదుపు చేస్తున్నవి. ఆ పరికరాల జోలికీ, చక్రాలు జారకుండా కాపాడే ఏ.బి.ఎస్. తీగల జోలికీ పోరాదు. పెట్రోలు వాసన వస్తున్నప్పుడు, తీగలు కరిగినప్పుడు, ఫ్యూజు మాటిమాటికీ పోతున్నప్పుడు పానా కింద పెట్టి మెకానిక్కును పిలవడమే విజ్ఞత. పట్టీని వెల్డింగు చేయవలసివస్తే చట్రం నుండి దానిని వేరుచేసి తీసుకొనిపోవాలి.

గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి పద్దెనిమిది సంవత్సరాలు నిండాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్దేశిస్తున్నది. ఈ పాఠం చదివే మీలో పలువురికి ఆ వయస్సు రాలేదు. నడిపే హక్కుకు వయస్సు రావాలి. పరిశీలించే అలవాటుకు అక్కరలేదు. ఇంట్లో అన్నయ్యదో నాన్నగారిదో బండి ఉంటే, వారు పనికి బయలుదేరక ముందు వారి అనుమతితో దీపాన్ని, హారన్‌ను ఒకసారి కదిపి చూడండి. వదులైన ఒక్క బోల్టును గుర్తించి చెప్పినా అది మహోపకారమే. రాత్రివేళ కొండదారిలో వారి బండికి వెలుగు దీపమిస్తుంది; ఆ దీపానికి నిలకడనిచ్చేది మాత్రం మీరు గుర్తించిన ఆ బోల్టే.

అర్థాలు

ఆధేయం = ఒకదానిని ఆధారం చేసుకొని ఉండేది
ప్రకంపనం = అదురు
భ్రమణం = తిరగడం
ఔచిత్యం = తగి ఉండడం
మొలనూలు = నడుముకు ధరించే ఆభరణం
చిలుము = రాగి, ఇత్తడి వంటి లోహాలకు పట్టే పచ్చని మలినం
విజ్ఞత = తెలివి, వివేకం

సంధులు

మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
దీపమిస్తుంది = దీపము + ఇస్తుంది – ఉత్వసంధి

సమాసాలు

రాత్రిప్రయాణం – రాత్రియందు ప్రయాణం – సప్తమీ తత్పురుష సమాసం
రాతిగుట్టలు – రాతి యొక్క గుట్టలు – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. పండితుని కథకూ, మోటారు సైకిలు మరమ్మతుకూ గల పోలికను వివరించండి.
2. ఆర్.ఆర్. యూనిట్‌కూ, సి.డి.ఐ. పెట్టెకూ ఒకే విధమైన బిగింపు ఎందుకు పనికిరాదు?
3. బ్యాటరీ తీగలను విప్పే క్రమాన్ని, అందుకు గల కారణాన్ని తెలపండి.
4. 'తాత్కాలికపు కట్టు అసలు బిగింపు స్థానాన్ని ఆక్రమించరాదు' – ఈ వాక్యాన్ని మీ అనుభవంలోని మరొక ఉదాహరణతో సమర్థించండి.
5. మీ ఇంటిలోని ఏదైనా ఒక యంత్రాన్ని పరిశీలించి, దానిలో ఏది ఆధారమో, ఏది ఆధేయమో పది వాక్యాలలో రాయండి.