సాక్సనులు బ్రిటన్ దేశమునకు వచ్చిన విధము

ఇంగ్లీషు నేర్చుకొను బాలురు తండ్రిని ఫాదర్ అనియు, నీటిని వాటర్ అనియు, ఇంటిని హౌస్ అనియు పలుకుదురు. ఈ మాటలు బ్రిటన్ ద్వీపమున పుట్టినవి కావు. దాదాపు 1,600 సంవత్సరములకు పూర్వము ఉత్తర సముద్రమును దాటి వచ్చిన జనులు వీనిని తమ వెంట గొనివచ్చిరి. ఆ జనులలో సాక్సనులు ముఖ్యులు. వారెవరు? ఎట్లు వచ్చిరి? అంతకు పూర్వమే ఆ దేశమున కాపురముండిన బ్రిటనులు ఏమైరి? ఈ మూడవ ప్రశ్నయే మిక్కిలి కఠినమైనది.

సాక్సనుల జన్మభూమి జర్మనీ దేశపు ఉత్తర తీరము. ఎల్బు, వేసర్ నదుల నడుమనున్న ఆ నేల పల్లపుది. సముద్రపు పోటునకు వెఱచి వారు మట్టిదిబ్బలు పోసి, వానిపై ఇండ్లు కట్టుకొని, పశువులను పెంచుకొనుచుండిరి. వేసర్ నదీముఖమునకు చేరువనున్న ఫెడర్సెన్ వీర్డె అను దిబ్బను 1955 మొదలు 1963 వఱకు త్రవ్వి చూడగా, అందలి గ్రామము క్రీ. శ. 5వ శతాబ్దమున పాడుపడినట్లు తెలియవచ్చెను. సాక్సనులకు ఉత్తరమున ఆంగ్లులును, వారికి ఆవల జూటులును ఉండిరి. ఇంగ్లండు అను పేరు ఆంగ్లుల వలన కలిగినదే.

3వ శతాబ్దము నాటికే సాక్సనులు ఓడలెక్కి రోమను సామ్రాజ్యపు తీరములను దోచుకొనుచుండిరి. వారిని అడ్డుటకై రోమనులు బ్రిటన్ తీరమున కోటలు కట్టించిరి. ఆ తీరమునకే సాక్సను తీరమను పేరు వచ్చెను. పెవెన్సీ, పోర్చెస్టరు కోటల గోడలు నేటికిని నిలిచియున్నవి. 5వ శతాబ్దారంభమున రోమను సేనలు వెడలిపోగా ద్వీపము రక్షణహీనమాయెను.

పిమ్మట జరిగిన దానిని 6వ శతాబ్దమున గిల్డాసు అను బ్రిటను సన్యాసి వ్రాసెను. శత్రువులను పాఱదోలుటకై బ్రిటనుల ప్రభువొకడు సాక్సనులను కూలిసైనికులుగా పిలిపించెననియు, మూడు ఓడలలో వచ్చిన ఆ అతిథులే తుదకు యజమానులపై తిరుగబడిరనియు, పట్టణములు కాలిపోయెననియు, జనులు చంపబడిరనియు అతడు దుఃఖముతో చెప్పెను. 731లో బీడు పండితుడు ఈ కథకు 449వ సంవత్సరమును, హెంగిస్టు, హోర్సా అను నాయకుల పేర్లను చేర్చెను. కాని న్యాయస్థానమున సాక్షిని ప్రశ్నించునట్లు చరిత్రకారుని గూడ ప్రశ్నింపవలెను. గిల్డాసు తన ప్రజల పాపములను ఖండింపదలచి వ్రాసినవాడు. బీడు ఇంచుమించు మూడు వందల ఏండ్లకు పిమ్మట వ్రాసినవాడు.

ఇక భూమి చెప్పు సాక్ష్యమును విందము. నార్‌ఫోక్ మండలమందలి స్పాంగ్ హిల్ అను చోట చితాభస్మము నింపిన కుండలు రెండువేలకు పైగా దొరికెను. అట్టి కుండలే ఎల్బు, వేసర్ ప్రాంతములందును కలవు. 2022లో ప్రకటింపబడిన పరిశోధనయందు, ఆ కాలమున తూర్పు, దక్షిణ ఇంగ్లండు భాగములలో పాతిపెట్టబడిన వారి ఎముకలను పరీక్షింపగా, వారి వంశమున సగటున నూటికి 76 పాళ్ల వఱకు సముద్రము ఆవలి నుండి వచ్చినదని తేలెను. వచ్చినవారు యోధులు మాత్రమే కారు, స్త్రీలును వచ్చిరి. అయినను ఒకే శ్మశానమున వచ్చినవారును, ఉన్నవారును, ఉభయ వంశముల సంతానమును కలిసి పరుండియున్నారు. కావున బ్రిటనులందఱును హతులైరనుట పొరపాటు. ఎవరును బాధపడలేదనుటయు పొరపాటే.

రాజశాసనములును ఈ మాటకు తోడుపడుచున్నవి. పశ్చిమ సాక్సనుల రాజైన ఐనే 688 మొదలు 726 వఱకు పాలించెను. అతని శాసనము ననుసరించి సామాన్య సాక్సనుని చంపినవాడు 200 షిల్లింగులు చెల్లింపవలెను. ఒక హైడు భూమిగల బ్రిటనుని చంపినచో 120 షిల్లింగులు చాలును. దీనిచే రెండు సంగతులు తెలియుచున్నవి. బ్రిటనులు సాక్సను రాజ్యమున భూములు గలిగి జీవించుచుండిరి. కాని వారి ప్రాణము తక్కువ వెలకు ఎంచబడెను. ఇట్టిచోట తండ్రి భాషను విడిచి ఏలువారి భాషను పలుకుట లాభకరమని అనేక కుటుంబములు తలచియుండవచ్చును. బ్రిటనులను సాక్సనులు పిలిచిన వెల్ష్ అను మాటకు పరదేశి యని యర్థము. తమ దేశముననే వారు పరదేశులైరి!

అయినను పడమటి కొండలలో వారి భాష నేటికిని వెల్ష్ పేరుతో జీవించుచున్నది. థేమ్సు, ఏవన్ మొదలగు నదులు వారు పెట్టిన పేర్లతోనే పాఱుచున్నవి. పశ్చిమ సాక్సను రాజవంశమునకు మూలపురుషుడని చెప్పబడు సెర్డిక్ పేరు సైతము బ్రిటను పేరే. ఒక జాతి పేరు పటమునుండి తొలగిన మాత్రమున ఆ జాతి నశించెనని తలపరాదు. గెలిచినవాని గ్రంథమును చదువునప్పుడు ఓడినవాని ఊరిపేరును గూడ చదువవలెను. చరిత్రపాఠము నేర్చువారు మఱవరాని విషయమిదియే.